తెల్లవే ఏరాలి

ఆ ల్యాబులో ఆమెను అందరూ పుల్లమ్మ అనేవారు. ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు గానీ, అతికినట్టు సరిపోయింది. పొద్దున రాగానే తెల్లకోటు తగిలించుకుని, ఆవిరిలో శుద్ధి చేసిన టూత్‌పిక్ పుల్లల డబ్బా ముందు పెట్టుకుని కూర్చునేది. ఒక పుల్లతో ఒక చుక్కను తాకి, ఆ పుల్లను ఒక గాజుగొట్టంలో పడేసేది. మళ్లీ ఇంకో పుల్ల. బియ్యంలో రాళ్లేరేవాళ్లు పక్కవాళ్లతో కబుర్లాడుతూనే ఏరినట్టు, ఆమె కూడా మాట్లాడుతూనే పని కానిచ్చేది. ఒక్క చుక్క తప్పిపోయేది కాదు.

ఏరేది బ్యాక్టీరియాను. చదువుకున్నవాళ్ల పని కదా అని బెదిరిపోనక్కర్లేదు, సంగతి సులువే. మనిషి నెత్తురులోంచి తీసిన జన్యువు ముక్కను చదవాలంటే ముందు దాన్ని బ్యాక్టీరియాలోకి ఎక్కిస్తారు. ఏది ముక్కను పట్టుకుందో, ఏది ఉత్తచేతులతో వచ్చిందో కంటికి తెలియదు. అందుకని ప్లేటు మీద రంగు లేని మందొకటి పూస్తారు. బ్యాక్టీరియాలో తయారయ్యే ఒక ఎంజైమ్ ఆ మందును కొరికితే నీలం రంగు దిగుతుంది. మనం ఎక్కించిన ముక్క వెళ్లి సరిగ్గా ఆ ఎంజైమ్ రాసి ఉన్నచోటే అడ్డంగా కూర్చుంటుంది. దాంతో ఎంజైమ్ పాడవుతుంది, మందు మందులాగే మిగిలిపోతుంది, బ్యాక్టీరియా పెరిగిన చుక్క తెల్లగా ఉంటుంది. అంటే నీలం చుక్క ఖాళీది, తెల్ల చుక్కలో సరుకుంది.

"తెల్లదే మనది. నీలందాని వంక కన్నెత్తి చూడకు," అని పనిలో చేరిన మొదటి రోజే చెప్పింది మేడమ్. మేడమ్ ఆ ల్యాబుకు పెద్ద. మనిషి మంచిదే గానీ ఒకసారి చెప్పిన మాట రెండోసారి చెప్పాల్సి వస్తే ఒంటికాలి మీద లేచేది. పుల్లమ్మతో ఆ అవసరం ఎప్పుడూ పడలేదు. ఆమె తెల్లవే ఏరింది. ఏళ్ల తరబడి తెల్లవే ఏరుతూ వచ్చింది.

ఆ పొద్దున మాత్రం ప్లేటు మూత తీయడానికి ఆమెకు చేతులు రాలేదు. ప్లేటు మీది చీటీలో పేరు లేదు, అంకె ఉంది. ఆ అంకె తనదే. ఆ చుక్కల్లో ఉన్న జన్యువు తన నెత్తురులోంచి తీసిందే.

పుల్లమ్మకు లోకంలో మిగిలింది అక్క ఒక్కతే. అమ్మ పోయినప్పుడు పుల్లమ్మకు జడ వేసుకోవడం కూడా రాదు. అక్కే జడ వేసింది, అక్కే బడికి పంపింది, ఫీజు కట్టమని నాన్నతో పోట్లాడింది కూడా అక్కే. తర్వాత నాన్న మంచాన పడ్డాడు. కిడ్నీలు పోయాయన్నారు, అందరూ సరే అనుకున్నారు. అది వంశంలో నడిచే జబ్బని, పిల్లలనూ చూపించమని చెప్పిన నాథుడు లేడు. నాన్న పోయాక అక్కకు పెళ్లయింది, బావ మంచివాడు దొరికాడు. ఇక ఫరవాలేదనుకుంటున్న రోజుల్లో అక్కకు తలనొప్పులు మొదలయ్యాయి. మాత్ర వేసుకుని ఊరుకుంది. కాళ్లు వాస్తే, రోజంతా నిలబడి చేసే ఉద్యోగం కదా అనుకుంది. తీరా ఆసుపత్రికి వెళ్లేసరికి లోపల మిగిలింది ఏమీ లేదు.

"ముందే తెలిసుంటే బీపీ అదుపులో పెట్టి, రోజూ బాగా నీళ్లు తాగించి, కొన్నేళ్లయినా లాగి ఉండేవాళ్లం," అన్నాడు డాక్టరు. ఆ మాట అనకపోయినా బాగుండేది. అక్క దాన్ని మర్చిపోలేదు. ఎవరూ లేనప్పుడు గోడవైపు తిరిగి, "నాకెవరూ చెప్పలేదు," అనుకునేది. పుల్లమ్మ ఆ మాటను తలుపు అవతలనుంచి ఎన్నోసార్లు విన్నది.

అప్పుడు తాగాల్సిన నీళ్లే ఇప్పుడు విషమయ్యాయి. కిడ్నీలు బయటికి పంపవు కనక, తాగిన ప్రతి గుక్కా ఒంట్లోనే నిలిచిపోయి ఊపిరి అందకుండా చేస్తుంది. రోజుకు ఇంతేనని కొలిచి పోసిన చిన్న సీసా ఒకటి అక్క పక్కనే ఉండేది. దాన్ని తలగడ దగ్గర పెట్టుకుని పడుకునేది, మెలకువలో ఒళ్లో పెట్టుకునేది. ఒకసారి బావ మాత్ర మింగడానికి చూడకుండా ఆ సీసా ఎత్తి ఒక గుక్క తాగాడు. బావ మీద ఏనాడూ నోరెత్తి ఎరగని అక్క అతని చొక్కా కాలరు పట్టుకుని, "ఉమ్మెయ్! అది నాది! ఉమ్మెయ్!" అని అరిచింది. తర్వాత సిగ్గుపడి ఏడ్చింది. ఆ రోజునుంచి ఆ సీసా జోలికి ఎవరూ పోలేదు.

డయాలసిస్ మిషన్ మీద బతుకు ఈడ్చుకొస్తున్నారు గానీ, అదీ అడ్డం తిరిగింది. సూదులు పొడిచే చేతి నరం మూసుకుపోయింది. రెండో చేతిలో చేసిందీ నిలవలేదు. మెడలోంచి గొట్టం వేస్తే చీము పట్టింది, ఇప్పుడు తొడలోంచి వేసిందే ఆఖరిది. "ఇక ఒంట్లో చోటు లేదమ్మా," అన్నాడు డాక్టరు. కిడ్నీ మార్చడం ఒక్కటే దారి. బావ ఇస్తానన్నాడు, అతని నెత్తురుతో కుదరలేదు. ఎవరో పోతే వచ్చే కిడ్నీ కోసం పేరు రాయించారు గానీ, ఆ వరసలో ముందున్నవాళ్లు బోలెడు మంది. మిగిలింది పుల్లమ్మ.

"నాది తీసుకోండి," అంది పుల్లమ్మ. అన్ని పరీక్షలూ కుదిరాయి. డాక్టరు మాత్రం తల ఊపలేదు.

"నీ స్కాన్ శుభ్రంగానే ఉంది. కానీ నీ వయసులో ఈ జబ్బు స్కాన్‌కి దొరక్కపోవచ్చు. మీ అక్క జన్యువులో ఒకచోట ఒక్క అక్షరం ఎగిరిపోయిందని పెద్ద ల్యాబువాళ్లు తేల్చారుగా. నీకు ఆ తప్పు లేదని రాయించుకుని రా. అప్పుడే కత్తి పడతాను. ఉంటే నీ కిడ్నీ మీ అక్కకివ్వడం కాదు, నీకే చాలదు."

నాన్న దగ్గర ఆ జన్యువుకు మంచి ప్రతి ఒకటి, తప్పు ప్రతి ఒకటి ఉన్నాయి. అక్కకు తప్పుది వచ్చింది. చెల్లెలికి ఏది వచ్చిందన్నది బొమ్మా బొరుసే. ఆ పరీక్ష చేసేది పుల్లమ్మ పనిచేసే ల్యాబే. "నీ కన్నా మంచి చెయ్యి మన దగ్గర ఇంకెవరిదుంది? నువ్వే చేసుకో, నేను చూసి సంతకం పెడతాను," అంది మేడమ్.

ప్రతి మనిషిలోనూ జన్యువు రెండు ప్రతులు, అమ్మ ఇచ్చింది ఒకటి, నాన్న ఇచ్చింది ఒకటి. రెండూ కలిపి చదివితే గజిబిజి. పైగా ఈ జన్యువుకు ఒంట్లోనే పనికిరాని నకళ్లు కొన్ని ఉన్నాయి, అవి గజిబిజిని ఇంకా పెంచుతాయి. అందుకే ఒక్కో ప్రతినీ ఒక్కో బ్యాక్టీరియాలోకి ఎక్కించి, విడివిడిగా చదవడం.

కళ్లు మూసుకుని మూత తీసింది పుల్లమ్మ. ఇంక్యుబేటర్ వెచ్చదనం ఇంకా ప్లేటును వదల్లేదు. అక్కడక్కడా ముదురు నీలం చుక్కలున్నాయి. తెల్లవి కావలసినన్ని ఉన్నాయి. వాటి మధ్య, పూర్తిగా తెలుపని చెప్పలేని మసక చుక్కలు కూడా ఉన్నాయి. మసకవంటే ఆ ల్యాబులో అందరికీ చిన్నచూపు. రెండు చుక్కలు కలిసిపోయి ఉంటాయనో, మందు సరిగ్గా పడి ఉండదనో వాటిని వదిలేసేవారు. వేరేవాళ్ల ప్లేటయితే ఒకటీ అరా మసకది కూడా పుల్లకు తగిలేదేమో. ఇది తన ప్లేటు. దీంట్లో అనుమానానికి చోటుండకూడదు. వెలుతురు కిందికి తెచ్చి, అటూ ఇటూ తిప్పి చూసి, చాకిరేవు నుంచి వచ్చిన బట్టలంత తెల్లగా ఉన్నవే ఏరింది. అంత జాగ్రత్తగా ఆమె ఎప్పుడూ ఏరలేదు.

ఏరినవన్నీ పెంచి, లోపలి ముక్కలు తీసి, చదివించింది. అన్నీ శుభ్రం. ఏ ఒక్కదాంట్లోనూ అక్షరం ఎగిరిపోలేదు. మేడమ్ తెరమీద ఒక్కో వరుసా వేలితో తడుముతూ చూసి, కళ్లజోడు తీసి, పుల్లమ్మను గట్టిగా వాటేసుకుంది. "పోవే, మీ అక్కకు చెప్పుపో," అని సంతకం పెట్టేసింది.

ఆసుపత్రికి పుల్లమ్మ నడిచి వెళ్లలేదు, పరిగెత్తింది. అక్క మిషన్ పక్కన వాలుకుర్చీలో ఉంది. మెడకు కట్టు, మొహం పాలిపోయి, పెదాలు ఎండి బెరడు కట్టి ఉన్నాయి. ఒళ్లో సీసా ఉంది.

"నాకు లేదక్కా. నేను ఇవ్వచ్చు."

అక్క కాసేపు నమ్మలేదు. "ఒసేయ్, నా మీద ఒట్టు పెట్టు."

"నీ మీద ఒట్టు."

అక్క నవ్వుతూ ఏడ్చింది. "నీ కిడ్నీ నాకొస్తే నీ బద్ధకం కూడా వచ్చి చస్తుందేమోనే. పొద్దెక్కేదాకా పడుకుంటానేమో."

"అయితే ఇంట్లో కాఫీ పెట్టే ఉద్యోగం నాకు ఖాయమన్నమాట," అన్నాడు బావ. ఆ మనిషి జోకేసి ఎన్నాళ్లయిందో. ముగ్గురూ అవసరమైన దానికంటే ఎక్కువ నవ్వారు. పక్క కుర్చీలో ముసలాయన కూడా ఎందుకో తెలియకుండానే నవ్వాడు.

"లేచి తిరగ్గానే నేను మొట్టమొదట ఏం చేస్తానో తెలుసా?" అంది అక్క. "వంటింట్లో కుళాయి తిప్పి, దాని కింద నోరు పెట్టి, కడుపు పగిలేదాకా నీళ్లు తాగుతా. గ్లాసు కూడా వద్దు. ఎవరూ నన్ను ఆపకూడదు."

"నేనే తిప్పుతాను కుళాయి," అంది పుల్లమ్మ.

ఆపరేషన్‌కు రోజు ఖాయం చేశారు. సెలవు పెట్టే ముందు తన బల్లా, ఫ్రిజ్‌లో తన అరా శుభ్రం చేసి వెళ్దామని కూర్చుంది. పాత ప్లేట్లను ఎర్ర సంచిలో వేసి, ఆవిరిపెట్టెలో ఉడికించి పారేయాలి. అదంతా అలవాటైన పనే. ఒక్కోటీ తీసి సంచిలో వేస్తోంది. తన ప్లేటు చేతికొచ్చింది. ఊరికే, ముద్దు పెట్టుకోవాలనిపించినంత ప్రేమగా, మూతలోంచి ఒకసారి చూసింది.

చలికి నీలం బాగా తేలుతుందని ఆ పనిలో ఉన్న ప్రతివాళ్లకూ తెలుసు. ముదురు నీలం చుక్కలు ఇప్పుడు నల్లబడ్డాయి. పుల్ల తగిలిన తెల్లవి తెల్లగానే ఉన్నాయి. ఆ రోజు మసకగా కనబడ్డవి మాత్రం మసకగా లేవు. లేతనీలం తిరిగాయి. ఒకటీ రెండూ కాదు, తెల్లవి ఎన్నో ఇవీ దాదాపు అన్ని ఉన్నాయి.

రెండు చుక్కలు కలిసిపోయినవైతే ఒక పక్క తెలుపు, ఒక పక్క నీలం ఉండాలి. ఇవి అంచునుంచి అంచుదాకా ఒకే రంగు. మందు సరిగ్గా పడకపోతే పక్క చుక్కలూ అలాగే ఉండాలి. పక్కవి ముదురు నీలంగానే ఉన్నాయి. పుల్లమ్మ చేతిలో ప్లేటు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అమ్మ ప్రతి ఒకటి, నాన్న ప్రతి ఒకటి. రెండూ ఇంచుమించు సమానంగా రావాలి. తెల్లవన్నీ పొల్లు పోకుండా ఒకేలా చదవబడ్డాయని ఆ రోజు సంతోషపడింది కదా, మరి రెండో ప్రతి ఎక్కడ?

గ్లవ్స్ డబ్బా తిరగేసి, పెన్ను తీసి, దాని అట్ట మీద లెక్క వేసింది. జీవం జన్యువును మూడేసి అక్షరాలుగా చదువుకుంటూ పోతుంది. మధ్యలో దూర్చిన ముక్కలో అక్షరాలు మూడేసిగా సరిపోకపోతే, ఆ తర్వాత చదివేదంతా తప్పులతడకే. ఎంజైమ్ పాడయ్యేది అందుకే. తన ముక్క పొడుగును మూడుతో భాగించింది. ఒకటి మిగిలింది. మళ్లీ చేసింది. ఒకటే మిగిలింది.

ఆ ఒక్కటీ ఎక్కువ ఉంది కనకే మంచి ప్రతి దూరిన చుక్క తెల్లబడింది. ఒక అక్షరం ఎగిరిపోయిన ప్రతి దూరితే మిగిలేది ఏమీ ఉండదు, లెక్క సరిపోతుంది. ఎంజైమ్ మధ్యలో ఒక బుడిపె మోసుకుంటూ, కుంటుకుంటూ అయినా పని చేస్తుంది. మందును కొద్దికొద్దిగా కొరుకుతుంది. చుక్క లేతనీలంగా మారుతుంది. ఒంట్లో కిడ్నీలను తినేసే తప్పే ఇక్కడ ఎంజైమ్‌ను బతికించింది. తెల్లవాటిని ఎంత జాగ్రత్తగా ఏరితే నాన్నిచ్చిన ప్రతిని అంత జాగ్రత్తగా వదిలేసినట్టు.

అన్ని ముక్కలకూ ఇలా జరగదు. పొడుగు వేరైతే లెక్క వేరు. అయినా ఇన్నేళ్లలో ఇంకెవరి ప్లేట్లలో ఏం పారేశామోనన్న ఆలోచన ఒకటి వచ్చి, పెద్ద భయం ముందు నిలబడలేక పక్కకు తప్పుకుంది.

తర్వాత ఆమె చేసిన పని చెప్పకుండా దాటేయడం నాకిష్టం లేదు. ప్లేటును ఎర్ర సంచిలో వేసింది. మూతి బిగించి ముడి వేసింది. రెండో ముడి కూడా వేసింది. సంచిని ఆవిరిపెట్టె దాకా మోసుకెళ్లి, లోపల పెట్టి తలుపు మూసి, దాని పక్కన నేల మీద కూలబడింది.

ఎవరికి తెలుస్తుంది? రిపోర్టు శుభ్రంగా ఉంది. సంతకం ఉంది. ఆపరేషన్ రోజు ఖాయమైంది. తన కిడ్నీ ఇవాళ బాగానే పనిచేస్తోంది, అక్క ఒంట్లోనూ కొన్నాళ్లు పనిచేస్తుంది. ఆ కొన్నాళ్లు అక్క కుళాయి కింద నోరు పెట్టి తాగుతుంది. తనకు మిగిలే రెండోది ఎప్పుడు పోతే అప్పుడు పోతుంది. ఒక్క మీట నొక్కితే చాలు, ఆ వేడికి లోపలున్న చుక్కలు తెల్లవీ నీలంవీ అన్నీ ఒకటే ముద్దయిపోతాయి. ఆ ఆలోచన పాపమని మీరూ నేనూ కూర్చుని తీర్పు చెప్పవచ్చు. మనకు అక్కడ ఎండిన పెదాలతో కూర్చున్న అక్క లేదు.

మీట మీద వేలు పెట్టింది. నొక్కలేకపోయింది. అడ్డుపడింది నీతి కాదు, న్యాయం కాదు, గోడవైపు తిరిగి అక్క అనుకునే ఆ మాట. నాకెవరూ చెప్పలేదు. రేపు కత్తి కిందికి వెళ్లే అక్కకు తనూ చెప్పకపోతే, ఆ చెప్పనివాళ్లలో తనూ చేరిపోతుంది.

సంచిని బయటికి లాగింది, ముడులు గోళ్లతో పీకితే రాలేదు. సంచి చింపేసింది. ప్లేటు తీసుకుని బల్ల దగ్గరికి వెళ్లి, పుల్లల డబ్బా ముందు పెట్టుకుని, జీవితంలో మొదటిసారి నీలం చుక్కలు ఏరింది.

చదివించేదాకా ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆకలి లేదంది, తలనొప్పంది. ఫలితం తెరమీదికి వచ్చినప్పుడు కొత్తగా తెలిసిందేమీ లేదు. ఏ చోట అక్కకు అక్షరం ఎగిరిపోయిందో అదే చోట, ప్రతి లేతనీలం చుక్కలోనూ, ఆ అక్షరం లేదు. మేడమ్‌కు చెప్పాలి. పాత ప్లేట్ల సంగతి కూడా తవ్వి తీయాలి. కానీ ముందు అక్క.

అక్క మిషన్ మీదే ఉంది. చెల్లెల్ని చూడగానే, "ఏమే, అప్పుడే కోయించుకోవడానికి వచ్చేశావా?" అని నవ్వబోయి, మొహం చూసి ఆగిపోయింది. బావ మందులకని కిందికి వెళ్లాడు. పుల్లమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని, తలొంచుకుని, అంతా చెప్పేసింది. తెల్లవి ఏరడం, మసకవి వదిలేయడం, చలికి రంగు తేలడం, ఒకటి మిగలడం. అక్కకు సగం అర్థమైంది. ఆ సగం చాలు.

"ఎందుకు చూశావే?" అంది అక్క. "ఎందుకు మళ్లీ చూశావు? సంతకం అయిపోయిందిగా? పారేయాల్సింది పారేయకుండా ఎందుకు చూశావు?" సీసా పట్టుకోని చేత్తో చెల్లెలి భుజం మీద కొట్టింది. బలం లేని చెయ్యి, దెబ్బ తగల్లేదు. మళ్లీ కొట్టింది.

పుల్లమ్మ కదల్లేదు. "ఇంకా ఎవరికీ తెలీదక్కా. మేడమ్‌క్కూడా చెప్పలేదు. నువ్వు ఊఁ అను, వెళ్లి ఆ ప్లేటు పారేసి వస్తాను. రిపోర్టు ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. నీకు చెప్పకుండా మాత్రం చేయలేకపోయాను, అంతే."

అక్క చూపు మిషన్ మీదికి పోయింది. గొట్టంలో నెత్తురు తిరుగుతోంది. మిషన్ తన పాటికి తాను గురగురలాడుతోంది. ఆ కాసేపట్లో అక్క ఏమాలోచించిందో పుల్లమ్మకు తెలుసు. తనూ ఆవిరిపెట్టె పక్కన అదే ఆలోచించింది.

"నాకు పెడితే ఎన్నాళ్లు పనిచేస్తుంది?"

"కొన్నేళ్లు. ఎక్కువే పనిచేయచ్చు. ఎవరూ చెప్పలేరు."

"నీ దగ్గర మిగిలింది?"

"అదీ నాన్నదేగా అక్కా."

అక్క కళ్లు మూసుకుంది. మూసిన కళ్లలోంచే నీళ్లు కారాయి. చెల్లెలు తుడవబోతే విదిలించుకుంది. "బతకాలనుందే నాకు," అంది. "నిజం చెబుతున్నాను. చచ్చేంత భయంగా ఉంది. ఊఁ అనేస్తానేమోనని భయంగా ఉంది." పుల్లమ్మ అక్క మోకాళ్ల మీద తల పెట్టుకుని, అను అక్కా, అనెయ్, అని గొణిగింది.

ఎంతసేపటికో తల మీద ఏదో చల్లగా తగిలింది. తలెత్తింది. అక్క సీసా పట్టుకుని ఉంది. ఆ రోజుకు కొలిచి పోసిన నీళ్లు, ఇంకా మూత కూడా తీయలేదు. పొద్దున్నుంచి దాచుకుంది.

"తాగు," అంది అక్క.

"వద్దక్కా, అది నీది."

"తాగమన్నానా. నీ లోపల ఇంకా పాడవలేదు. నీకు నీళ్లు పనికొస్తాయి. రోజూ తాగాలి, బాగా తాగాలి. బీపీ చూపించుకోవాలి. తలనొప్పి వస్తే మాత్ర వేసుకుని పడుకోవడం కాదు." సీసా మూత తీసి చెల్లెలి చేతిలో కుక్కింది. "నాకెవరూ చెప్పలేదు. నేను చెబుతున్నాను నీకు. తాగు."

"నీకు ఈ రోజుకు ఇంకేం లేవు కదక్కా?"

"నా ముందే తాగు. నేను చూడాలి."

పుల్లమ్మ తాగింది. మొదటి గుక్క పొలమారింది. రెండోది దిగింది. చెల్లెలి గొంతు కదిలినప్పుడల్లా అక్క ఎండిన పెదాలు కూడా కదిలాయి. సీసా ఖాళీ అయ్యేదాకా ఆమె చూపు తిప్పుకోలేదు.

ఆ తర్వాత సీసా తీసుకుని, మూత పెట్టి, ఒళ్లో పెట్టుకుంది. అటుగా పోతున్న నర్సును పిలిచి, డాక్టరుగారిని ఒకసారి రమ్మనమని చెప్పింది.